గోడౌన్ స్టోర్‌లో ఏం కొనాలి, మామూలు షాపుకి ఏం వదిలేయాలి

గోడౌన్ స్టోర్ (ఫీజు కట్టి మెంబర్ అయినవాళ్లకి పెద్ద పెద్ద ప్యాకెట్లలో సరుకు అమ్మే, గోడౌన్ లాంటి షాపు) మంచిదా, సూపర్‌మార్కెట్ మంచిదా అని ఎవరైనా అడిగితే, ఏం కొనడానికి అని నేను తిరిగి అడుగుతాను. ఉప్పుకి ఒక జవాబు ఉంటుంది, పాలకూరకి ఇంకో జవాబు ఉంటుంది. నెల వెచ్చాలన్నీ ఒక్కచోటే తెచ్చి పడేద్దాం అనుకునేవాళ్లకే ఎక్కువ నష్టం, అన్నీ గోడౌన్‌లోనే కొన్నా అంతే, అన్నీ పక్క షాపులోనే కొన్నా అంతే. అందుకే ఇక్కడ స్టోర్‌ని స్టోర్‌తో కాకుండా ఒక్కో సరుకునీ విడివిడిగా తూచి చెప్తాను. చదివాక మీ ఇంటి లిస్టు రెండు ముక్కలైతే చాలు.

ఆ స్టోర్లు తక్కువకి ఎలా ఇస్తాయి

ఇది తెలిస్తే మిగతా సగం అదే అర్థమవుతుంది. మెంబర్‌షిప్ కార్డు ఉంటేనే లోపలికి రానిచ్చే ఈ పద్ధతి 1976లో అమెరికాలోని శాన్ డియేగోలో, ఒకప్పుడు విమానాలు నిలిపిన షెడ్డులో మొదలైంది. సోల్ ప్రైస్ పెట్టిన ఆ స్టోర్ పేరు ప్రైస్ క్లబ్. మొదట్లో చిన్న వ్యాపారులకే అమ్మేవాళ్లు, మామూలు జనాన్ని తర్వాత రానిచ్చారు. 1983లో కాస్ట్‌కో, అదే ఏడాది సామ్స్ క్లబ్ అనే ఇలాంటి స్టోర్లే వచ్చాయి. 1993లో ప్రైస్ క్లబ్, కాస్ట్‌కో కలిసిపోయాయి. యూరప్‌లో అయితే అంతకు ముందే, 1964లో, జర్మనీలో మెట్రో అనే కంపెనీ ఇలాగే వ్యాపారుల కోసం క్యాష్ అండ్ క్యారీ, అంటే అక్కడే డబ్బు కట్టి సరుకు తామే మోసుకెళ్లే స్టోర్ తెరిచింది. ఈ చరిత్రంతా ఎందుకంటే, ఆ ప్యాకెట్ల సైజులు హోటళ్లనీ క్యాంటీన్లనీ చిల్లర కొట్లనీ దృష్టిలో పెట్టుకుని మొదలైన వ్యాపారం నుంచి వచ్చాయి. నలుగురున్న ఇంటికి అవి కుట్టించిన చొక్కాలు కావు, వదులుగానే ఉంటాయి.

ఖర్చు ఎక్కడ తగ్గిస్తారో లోపలికి వెళ్లి చూస్తే కనిపిస్తుంది. లారీ దిగిన సరుకు ప్యాలెట్‌తో (అడుగున ఉండే చెక్క పలకతో) సహా నేల మీదే ఉంటుంది, ఒక్కో డబ్బా తీసి అరల్లో పేర్చే మనిషి అక్కర్లేదు. సూపర్‌మార్కెట్లో 30,000 రకాల దాకా, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువే ఉంటే, కాస్ట్‌కోలో 4,000 దగ్గర ఆపేస్తారు. ఒక్కో రకం విపరీతంగా అమ్ముడవుతుంది కాబట్టి తయారీదారు దగ్గర గట్టిగా బేరమాడగలరు. కొన్న ధర మీద వేసుకునే లాభం కూడా 14, 15 శాతం దాటకుండా చూసుకుంటారు. మరి వాళ్లకి మిగిలేది ఎక్కడ అంటే, ఫీజులో. 2024 ఆర్థిక సంవత్సరంలో కాస్ట్‌కోకి మెంబర్‌షిప్ ఫీజుల మీద వచ్చింది దాదాపు 480 కోట్ల డాలర్లు, ఆ ఏడాది నిర్వహణ లాభం సుమారు 930 కోట్ల డాలర్లు. ఫీజుకి పెద్దగా ఖర్చేమీ ఉండదు కదా, కాబట్టి లాభంలో సగం అక్కడే వస్తోందనుకోవచ్చు.

దీన్నిబట్టి రెండు సంగతులు. ఒకటి, ధరల్లో మోసం ఉంటుందేమో అన్న అనుమానం చాలావరకు అక్కర్లేదు, తక్కువ అన్నది నిజంగానే తక్కువ. రెండోది, ఆ తక్కువ ధర మీకు దక్కాలంటే ఫీజు వెనక్కి రాబట్టుకోవాలి, కొన్నది పూర్తిగా వాడాలి, అవసరం లేనిది బండిలో పడకుండా చూసుకోవాలి. ఈ మూడిట్లో ఏది జారినా లాభం కారిపోతుంది.

తిన్న కిలోకి ఎంత పడింది

షెల్ఫ్ ట్యాగ్ మీద సాధారణంగా రెండు ధరలుంటాయి. పెద్ద అక్షరాల్లో ప్యాకెట్ ధర, మూలన చిన్నగా కిలోకో లీటరుకో ఎంతో. చూడాల్సింది ఆ చిన్నదే. యూరోపియన్ యూనియన్‌లో 1998 నాటి ఆదేశంతో ఈ యూనిట్ ధర చూపించడం చాలా సరుకులకి తప్పనిసరైంది, ఇంకొన్ని దేశాల్లోనూ ఇలాంటి నియమాలున్నాయి, లేనిచోట మీ ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఎలాగూ ఉంది. ఒక్క జాగ్రత్త, రెండు ట్యాగులూ ఒకే కొలతలో ఉన్నాయో లేదో చూడండి. ఒకదాని మీద 100 గ్రాముల ధర, ఇంకోదాని మీద కిలో ధర, టిష్యూ రోల్స్ దగ్గరికి వస్తే ఒకచోట రోలుకి, ఒకచోట షీటుకి. రోలుకింత అనేది అసలు కొలతే కాదు, రోలులో ఎన్ని షీట్లు చుట్టాలో కంపెనీ ఇష్టం.

యూనిట్ ధర దగ్గర ఆగిపోతే లెక్క సగమే అయినట్టు. నేను చూసేది తిన్న కిలోకి ఎంత పడిందని. చిన్న ప్యాకెట్లో కిలో 100 పడుతోంది, పెద్దదాంట్లో 80 పడుతోంది అనుకోండి, 20 శాతం తక్కువన్నమాట. పెద్దదాంట్లో ఐదో వంతు పాడైపోయి పారేశారంటే మీరు తిన్న కిలోకి సరిగ్గా 100 పడింది, మోసుకొచ్చిన శ్రమ అదనం. ఎంత శాతం తగ్గిందో అంత శాతం పారేస్తే లాభం సున్నా, ఒక్క గుప్పెడు ఎక్కువ పారేసినా నష్టమే. ఈ లెక్క ఏ సరుకుకైనా, ఏ ధరకైనా సరిపోతుంది, గుర్తుపెట్టుకోవడం కూడా తేలికే. తేడా 10 శాతమే ఉన్న సరుకులో పదో వంతు పారేయడం అంటే ఎంత? బ్రెడ్డులో చివరి రెండు ముక్కలు, అంతే.

పారేయడం మా ఇంట్లో ఉండదు అని అందరూ అనుకుంటారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో వృథా అయిన ఆహారం 105 కోట్ల టన్నులు, అందులో 60 శాతం ఇళ్లలోనే వృథా అయింది. అంటే హోటళ్లూ షాపులూ కలిపి పారేసినదానికన్నా మన వంటిళ్లలోంచి పోయిందే ఎక్కువ.

పారేయకపోయినా లాభం పోయే దారి ఇంకొకటి ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఇంట్లో ఎక్కువ ఉంటే ఎక్కువ తింటాం. కుసుమ్ ఐలవాడి, స్కాట్ నెస్లిన్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో పెరుగునీ కెచప్‌నీ పక్కపక్కన పెట్టి ఈ విషయాన్ని పరిశీలించారు. ఇంట్లో నిల్వ పెరిగినప్పుడు పెరుగు వాడకం బాగా పెరిగింది, కెచప్ వాడకం అంతగా కదల్లేదు. మీ ఇంట్లోనే చూసుకోండి, ఉప్పు ప్యాకెట్ పెద్దదైందని కూరలో రెండు చెంచాలు ఎక్కువ వేయరు. చిప్స్, బిస్కెట్లు, జ్యూసులు, చాక్లెట్లు అలా కాదు, నెలకని తెచ్చిన డబ్బా పది రోజుల్లో అడుగంటుతుంది, మళ్లీ కొంటారు. అక్కడ కిలో ధర తగ్గింది, నెల ఖర్చు పెరిగింది. చిరుతిళ్లు గోడౌన్ స్టోర్‌లో కొనొద్దని నేను ఖచ్చితంగా చెప్పేది ఇందుకే. ఇంట్లో ఫంక్షన్ ఉంటే, పదిమంది వస్తుంటే అది వేరే సంగతి.

ఒక్కో సరుకు దగ్గరికి వద్దాం

ప్రతిదానికీ రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ ప్యాకెట్ మా ఇంట్లో ఎన్నాళ్లకి అయిపోతుంది? తెరిచాక ఇది ఎన్నాళ్లు బాగుంటుంది? ప్యాకెట్ మీద ఉండే తేదీ తెరవని ప్యాకెట్‌కి, అది చూసి ధైర్యపడకండి. మొదటి జవాబు రెండోదాంట్లో సగం లోపు ఉంటే కళ్లు మూసుకుని పెద్దది తీసుకోండి. సగానికీ మొత్తానికీ మధ్య ఉంటే ధరలో తేడా బాగా ఉంటేనే తీసుకోండి. మించితే వద్దు, ఎంత తక్కువకి ఇచ్చినా వద్దు.

ఉప్పు, పంచదార, వెనిగర్, తేనె దగ్గర ఆలోచనే అక్కర్లేదు, చెమ్మ తగలకుండా పెడితే ఇవి పాడవ్వవు. తేనె గడ్డకట్టినా వేడినీళ్లలో పెడితే కరుగుతుంది. అయోడైజ్డ్ ఉప్పులో అయోడిన్ మాత్రం చెమ్మకీ గాలికీ మెల్లగా తగ్గుతుంది, కాబట్టి ఏళ్ల తరబడి సరిపోయేంత కొనాల్సిన పని లేదు. అయినా ఉప్పు ఎంత చవకంటే, దాని మీద ఆదా అయ్యేది కార్డు గీకిన శ్రమకి కూడా రాదు. జాబితాలో మొదట రాశానని మొదట కొనేయకండి.

అసలు ఆదా బియ్యం, పప్పులు, పాస్తా, గోధుమపిండి, నూనె దగ్గర ఉంటుంది, ఇక్కడే తప్పులు కూడా ఎక్కువ జరుగుతాయి. పాలిష్ చేసిన తెల్లబియ్యం మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఏడాది దాటినా బాగానే ఉంటాయి. ముడిబియ్యం అలా కాదు, పైపొరలో నూనె ఉంటుంది కాబట్టి బయట ఉంచితే ఆరు నెలలకే ముక్క వాసన మొదలవుతుంది. పిండికీ ఇదే తేడా. మైదాని నెలల తరబడి ఉంచొచ్చు, పొట్టుతో ఆడించిన గోధుమపిండిని ఒకటి నుంచి మూడు నెలల్లో వాడేయాలి, ఆరోగ్యానికి మంచిదని కొనే రకాలే త్వరగా పాడవుతాయి, ఏం చేస్తాం. ముడిబియ్యం, గోధుమపిండి ఎక్కువ వాడే ఇల్లు కాకపోతే ఈ రెండిటి పెద్ద సంచుల జోలికి పోకండి, లేదంటే సగం ఫ్రీజర్లో పెట్టుకునే చోటు ఉందో లేదో ముందు చూసుకోండి.

పురుగు సంగతి. సంచి ఇంటికొచ్చాక డబ్బాలోకి పురుగు ఎక్కడినుంచో పాకి వచ్చిందనుకుంటాం, చాలాసార్లు అది సరుకుతోపాటే వస్తుంది. ముక్కు పురుగు గింజకి చిల్లు పెట్టి లోపలే గుడ్డు పెడుతుంది, బయటికి ఏమీ కనిపించదు. చిన్న ప్యాకెట్ అయితే అవి బయటపడేలోపే మనం తినేస్తాం, పది కిలోల సంచి అయితే మూడో నెలలో తేలుతుంది. బియ్యమైనా పిండైనా తెచ్చిన వెంటనే గాలి చొరబడని కవర్లలో పెట్టి మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఫ్రీజర్లో నాలుగు రోజులు ఉంచితే గుడ్లతో సహా చస్తాయి, తర్వాత కవర్ మూసి ఉండగానే మామూలు వేడికి రానిచ్చి డబ్బాలో పోసుకోండి, చల్లగా ఉన్నప్పుడే తెరిస్తే చెమ్మ పడుతుంది. కొత్త సరుకుని పాతదాని మీద పోయకండి. పాతది అయ్యాక డబ్బా కడిగి, ఆరబెట్టి, అప్పుడే కొత్తది.

నూనె చూడ్డానికి అమాయకంగా ఉంటుంది కానీ వెలుతురు, వేడి, గాలి మూడూ దానికి శత్రువులే. మూత తీసిన నూనెకి మూడు నుంచి ఆరు నెలలు గడువు పెట్టుకోవడం మంచిది, స్టవ్ పక్కన పెట్టేవాళ్లయితే ఇంకా తక్కువ. పెద్ద క్యాన్ ఒకటి కొనేకంటే లీటరు, రెండు లీటర్ల సీసాలు కట్టగా కట్టి అమ్మేది తీసుకోండి, ధర దాదాపు అంతే ఉంటుంది, కానీ తెరిచేది ఒక్కొక్కటే. ఈ చిట్కా నూనెకి మాత్రమే కాదు, ఒకే పెద్ద ప్యాకెట్‌కీ చిన్న ప్యాకెట్ల కట్టకీ మధ్య ఎంచుకునే వీలున్న ప్రతిచోటా పనికొస్తుంది. కాఫీ పొడి, పాలపొడి, పిల్లల సీరియల్, అన్నిటికీ.

బాదం, జీడిపప్పు, వాల్‌నట్ లాంటివి గోడౌన్ స్టోర్‌లో కొనదగినవాటిలో ముందు వరసలో ఉంటాయి. ధర ఎక్కువ ఉండే సరుకు కాబట్టి శాతం చిన్నదైనా మిగిలే డబ్బు పెద్దది. బయట పెడితే వేడి రోజుల్లో కనరు వాసన వచ్చేస్తాయి, ఫ్రిజ్‌లో ఆరు నెలలు, ఫ్రీజర్లో ఏడాది దాకా ఆగుతాయి. గడ్డకట్టవు కాబట్టి నేరుగా తీసుకుని తినేయొచ్చు. చెప్పాను కదా, కంటికి కనిపించే సీసాలో నింపి హాల్లో పెడితే మాత్రం చిరుతిండి లెక్కే.

మసాలాల విషయంలో నా ఓటు మామూలు షాపుకే. పొడులు చెడిపోవు, ప్రమాదమేమీ లేదు, కానీ వాసన పోతుంది. అరకిలో మిరియాల పొడి డబ్బా ఒక ఇంట్లో ఎన్నేళ్లు వస్తుందో ఊహించుకోండి, రెండో ఏడాదికి అది దుమ్ము. గింజలుగా కొని అప్పుడప్పుడూ పొడి చేసుకునేవాళ్లకైతే పెద్దది పర్వాలేదు. బేకింగ్ పౌడర్, ఈస్ట్ కూడా ఇంతే, ఇంట్లో తరచుగా బ్రెడ్ చేసేవాళ్లకి తప్ప పెద్ద డబ్బా అనవసరం.

తాజా సరుకు, ఫ్రిజ్, ఫ్రీజర్

ఆకుకూరలు, బెర్రీలు, మెత్తటి పండ్లు గోడౌన్ స్టోర్‌లో చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంటాయి, ధర కూడా నోరూరిస్తుంది, కానీ ఇంట్లో నలుగురైదుగురు లేకపోతే వదిలేయండి. కిలో పాలకూర ఒక్కరోజులో ఉడికించేస్తే సరే, లేకపోతే నాలుగో రోజుకి జిగురు. యాపిల్స్, నారింజలు, క్యారెట్లు, క్యాబేజీ లాంటివి వారాల తరబడి ఆగుతాయి కాబట్టి వాటి పెద్ద సంచి తప్పు కాదు. బంగాళాదుంపలూ ఉల్లిపాయలూ రెండూ పెద్ద సంచుల్లో దొరుకుతాయి, రెండూ నిలవ ఉండేవే, కాకపోతే ఒకే బుట్టలో పోస్తే దుంపలు త్వరగా మొలకెత్తుతాయి. విడిగా, చీకట్లో, గాలి తగిలేలా పెట్టండి.

పాలలో, గది వేడిలో నిలవ ఉండే టెట్రా ప్యాకులు కట్టగా కొంటే నష్టం లేదు, తెరిచాక మాత్రం ఫ్రిజ్‌లో పెట్టి వారంలోపు వాడేయాలి. మామూలు పాలు, పెరుగు పెద్ద క్యాన్లలో కొనేముందు ఐలవాడి, నెస్లిన్ చెప్పింది గుర్తుచేసుకోండి. గుడ్లు ఫ్రిజ్‌లో మూడు నుంచి ఐదు వారాలు ఉంటాయి, ఇద్దరున్న ఇంట్లో కూడా పెద్ద ట్రే అయిపోతుంది. చీజ్ గట్టి రకమైతే తెరిచాక మూడు, నాలుగు వారాలు ఆగుతుంది, ముక్కలుగా కోసి కొంత ఫ్రీజ్ చేసుకోవచ్చు, తర్వాత పొడిపొడిగా విరుగుతుంది కానీ వంటలోకి సరిపోతుంది. వెన్న ఫ్రీజర్లో ఆరు నుంచి తొమ్మిది నెలలు.

గోడౌన్ స్టోర్‌లో తాజా సరుకు మీద వచ్చే లాభమంతా నిజానికి మాంసం దగ్గర తేలుతుంది, అది కూడా ఫ్రీజర్ ఉన్నవాళ్లకే. పచ్చి చికెన్, కీమా ఫ్రిజ్‌లో ఒకటి రెండు రోజులకి మించి ఉంచకూడదు, కాబట్టి పెద్ద ట్రే కొన్న రోజే కూర్చుని పూటకి సరిపడా భాగాలు చేసి, కవర్లో గాలి తీసేసి, పలచగా పరిచి ఫ్రీజ్ చేయాలి. పలచగా అని ఎందుకంటే పెద్ద ముద్ద మెల్లగా గడ్డకడుతుంది, అప్పుడు లోపల మంచు పలుకులు పెద్దవై మాంసం నారని చీలుస్తాయి, కరిగించినప్పుడు నీరంతా కారి చప్పగా అవుతుంది. చికెన్ ముక్కలు తొమ్మిది నెలలు, కీమా మూడు నాలుగు నెలలు, కొవ్వు ఎక్కువున్న చేప రెండు మూడు నెలలు రుచి చెడకుండా ఉంటాయి. కవర్ మీద తేదీ రాయండి. రాయని కవర్ ఏదో ఒకరోజు ఏమిటో తెలియని ముద్దగా బయటపడుతుంది, ఎవరూ ముట్టుకోరు.

బ్రెడ్ ఫ్రిజ్‌లో పెడితే బయట పెట్టినదానికన్నా త్వరగా గట్టిపడుతుంది, ఫ్రీజర్లో పెడితే గట్టిపడదు. రెండు బ్రెడ్లు కట్టగా ఇచ్చేచోట ఒకటి నేరుగా ఫ్రీజర్లోకి, ముక్కలు ముక్కలుగా తీసి కాల్చుకోవడమే.

గోడౌన్ సరుకు కోసమే రెండో ఫ్రీజర్ కొందామా అని కొందరు అడుగుతుంటారు. దాని ధర, కరెంటు బిల్లు, అది ఆక్రమించే చోటు, మూడూ ఫీజు కిందే రాసుకోండి. మాంసం, చేపలు ఎక్కువ తినే పెద్ద కుటుంబానికి తప్ప తిరిగి రావడం కష్టం.

తిండి కాని సరుకు

ఇక్కడ త్వరగా ముగించొచ్చు. టాయిలెట్ పేపర్, టిష్యూలు, చెత్త కవర్లు, ఫాయిల్, సబ్బులు, స్పాంజీలు పాడయ్యేవి కావు, చోటుంటే కొనేయండి. డైపర్లు చవకే, పిల్లలు మాత్రం సైజు మారిపోతారు, రెండు పెట్టెలు ముందే కొని పెట్టుకోవద్దు. బట్టల సబ్బు పొడి చెమ్మ తగిలితే ఉండకడుతుంది. బ్లీచ్ మాత్రం పెద్దది వద్దు, ఆరు నెలలు దాటాక దాని బలం తగ్గుతూ వస్తుంది, మీరు శుభ్రం చేస్తున్నాననుకుని నీళ్లు చల్లుతుంటారు. జ్వరం మాత్రల పెద్ద సీసాలు చూసినప్పుడు ఏడాదికి ఎన్ని వాడతారో ఆలోచించండి, గడువు దాటాక పారేయాల్సిందే. పిల్లలున్న ఇంట్లో అన్ని మాత్రలు ఒకేచోట ఉండటం కూడా నాకు నచ్చదు.

మెంబర్‌షిప్ తీసుకోవాలా

లెక్క ఇది. గోడౌన్‌లో మీరు నిజంగా వాడే సరుకుల మీద సగటున 10 శాతం మిగులుతుందనుకుంటే, ఫీజుకి పది రెట్లు ఏడాదిలో అక్కడ కొంటే ఫీజు సరిపోయింది, ఆ తర్వాతే లాభం మొదలవుతుంది. 20 శాతం మిగిలితే ఐదు రెట్లు చాలు. పోలిక మీరు ఇప్పుడు ఎక్కడ ఎంతకి కొంటున్నారో దాంతోనే పెట్టండి. సూపర్‌మార్కెట్లో ఆఫర్ వచ్చినప్పుడే నూనె కొనే అలవాటున్నవాళ్లకి తేడా సగానికి పడిపోవచ్చు, ఎప్పుడూ మామూలు ధరకే కొనేవాళ్లకి ఎక్కువ కనిపిస్తుంది.

పై మెంబర్‌షిప్ ఒకటుంటుంది, ఫీజు ఎక్కువ, కొన్నదాని మీద ఎంతో శాతం వెనక్కి ఇస్తారు. 2 శాతం ఇస్తుంటే, రెండు ఫీజుల మధ్య తేడాకి 50 రెట్లు కొంటేనే ఆ తేడా తీరుతుంది. ముందు మామూలుది తీసుకుని ఏడాది బిల్లులు చూశాక పైదానికి వెళ్లండి, కౌంటర్ దగ్గర ఎంత తియ్యగా చెప్పినా సరే. పెట్రోలు బంకు, కళ్లజోళ్లు, టైర్లు లాంటి సేవలుంటే అవి కూడా లెక్కలో వేసుకోవచ్చు, కానీ మీరు వాడేవే వేసుకోండి. కొందరికి పెట్రోలు మీదే ఫీజు వచ్చేస్తుంది, సరుకులు ఆ పైన మిగులు.

దూరం సంగతి మరిచిపోకండి. అరగంట ప్రయాణం, పార్కింగ్ కోసం తిరగడం, క్యూ, మోసి సర్దడం కలిపితే సగం రోజు పోతుంది. నెలకోసారి వెళ్లేవాళ్లకి ఇది భారం కాదు. వారం వారం వెళ్లేవాళ్లు వెళ్లిన ప్రతిసారీ లిస్టులో లేని ఒకటి రెండు వస్తువులు పట్టుకొస్తారు, టెన్షన్ పడాల్సింది ఆ వస్తువుల గురించే. టీవీలు, పరుపులు, బట్టలు దాటుకుంటే కానీ పాలు దొరకవు, అది ఊరికే అలా కట్టలేదు.

ఎవరికి ఏది

ఒంటరిగా ఉండేవాళ్లకి సొంత మెంబర్‌షిప్ దాదాపుగా దండగ. నెలకోసారి బంధువులతోనో స్నేహితులతోనో వెళ్లి బియ్యం, నూనె, నట్స్, టిష్యూలు పంచుకుంటే చాలు, చాలాచోట్ల మెంబర్ తోడుంటే ఇంకొకరు లోపలికి రావచ్చు, బిల్లు మాత్రం మెంబర్ పేరు మీదే కట్టాలి. పంచుకునేటప్పుడు కొనకముందే ఎవరికెంతో అనుకోండి, కొన్నాక సగం డిటర్జెంట్ ఎవరూ తీసుకోరు.

ఇద్దరే ఉండే ఇంట్లో ఫ్రీజర్ పెద్దదై, ఇంట్లోనే వండుకుంటే పనికొస్తుంది. బయట తినడం ఎక్కువైతే కూరగాయల దగ్గర నుంచి అన్నీ మామూలు షాపులోనే, చిన్న ప్యాకెట్లలోనే. పిల్లలున్న ఇల్లు, పెద్దవాళ్లతో కలిసున్న ఇల్లు అయితే తీసుకోండి, ఇంతకన్నా చెప్పక్కర్లేదు. అద్దె గదిలో నలుగురు కలిసుండే కుర్రాళ్లకి లెక్క ప్రకారం బాగా కలిసొస్తుంది, కానీ ఎవరు తిన్నారో ఎవరు కొన్నారో అన్న పంచాయితీ తేల్చుకోగలిగితేనే.

సూపర్‌మార్కెట్ ఎక్కడ గెలుస్తుందంటే రకాల దగ్గర. గ్లూటెన్ పడనివాళ్లు, ఫలానా బ్రాండే కావాలనే పసివాళ్లున్న తల్లులు, కొత్త రుచి చిన్న సీసాలో చూద్దామనుకునేవాళ్లు అక్కడికే వెళ్లాలి. ఎప్పుడూ వాడని సరుకుని మొదటిసారి గోడౌన్ సైజులో కొనకండి. నచ్చకపోతే మీ దగ్గర రెండు కిలోల నచ్చని సరుకుంటుంది. వీధి చివర కొట్టు ధరలో ఓడిపోతుంది, కానీ రేపటికి కావలసిన నాలుగు టమాటాలు అక్కడ నాలుగే ఇస్తారు, వృథా సున్నా. ఆన్‌లైన్ డెలివరీ మోతబరువు తప్పిస్తుంది, అయితే గోడౌన్ సరుకునే ఇంటికి తెచ్చిచ్చే యాప్‌లు చాలాసార్లు ఒక్కో వస్తువు మీద స్టోర్ ధర కంటే ఎక్కువ వేస్తాయి, దానిమీద డెలివరీ ఛార్జీ, టిప్పు. ఒకసారి స్టోర్ బిల్లునీ యాప్ బిల్లునీ పక్కపక్కన పెట్టి చూడండి, ఆ 10 శాతం ఎక్కడికి పోయిందో కనిపిస్తుంది.

స్టోర్ సొంత బ్రాండ్ల గురించి కూడా అడుగుతారు. కాస్ట్‌కోకి కిర్క్‌లాండ్ సిగ్నేచర్ 1995 నుంచి ఉంది, మిగతావాళ్లకీ ఇలాంటివి ఉన్నాయి. పంచదార, ఉప్పు, నూనె, ఫాయిల్, నట్స్ లాంటి వాటిలో బ్రాండ్ పేరుకి అదనంగా కట్టడం దండగని నా అభిప్రాయం. కాఫీ, డిటర్జెంట్ లాంటి అలవాటు పడ్డ వాటిలో ఒక ప్యాక్ వాడి చూశాక నిర్ణయించుకోండి.

ఇంకా తేల్చుకోలేకపోతే, ఫీజు కట్టకముందే చేయగల పని ఒకటుంది. గత రెండు మూడు నెలల సరుకుల బిల్లులు ముందేసుకుని, ఈ లెక్కల ప్రకారం గోడౌన్‌లో కొనదగినవి మాత్రం పెన్నుతో గీయండి. గీసినవాటి మొత్తాన్ని ఏడాదికి లెక్కేసి అందులో పదో వంతు తీయండి. అది ఫీజుకి రెట్టింపు ఉంటే తీసుకోండి, ఫీజుకి అటూ ఇటూగా ఉంటే ఎవరిదైనా కార్డుతో కలిసి వెళ్లండి, ఫీజు కన్నా బాగా తక్కువుంటే పక్క సూపర్‌మార్కెట్ ఆఫర్ల మీద ఓ కన్నేసి ఉంచండి. తీసుకున్నవాళ్లు సభ్యత్వ నియమాలు ఒకసారి చదవండి, నచ్చకపోతే ఫీజు వెనక్కిచ్చే స్టోర్లున్నాయి. ఆటో రెన్యువల్ మాత్రం మొదటిరోజే ఆపేసుకోండి. ఏడాది తిరిగాక మళ్లీ కట్టాలా వద్దా అన్నది బిల్లులు చూసి మీరే నిర్ణయించుకోవచ్చు.